బటన్ యాడుంటదో రాయని పుస్తకాలు

కంప్యూటర్‌ను చేత్తో ముట్టకముందే నేను ఇంటర్నెట్ చరిత్ర చదివిన. ఆ ఒక్క సంగతి మీద, మరాఠోళ్ల దిక్కు ఉన్న భివండిలో రెండు మూడేండ్లు మస్తు గొప్పగ తిరిగిన. ఆ గొప్ప ఎట్ల వచ్చిందో, ఒక్క పూటల ఎట్ల పోయిందో చెప్త.

అప్పుడు నాకు ఇరవై ఏండ్లు. భివండిల నార్పోలి బస్తీల ఒక సాంచెల కార్ఖానాల పని. పవర్‌లూమ్‌ను మేము సాంచె అంటం. మా బాపు సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చి అదే గల్లీల సాంచెలు నడిపేటోడు. నాకు సాంచె నడుపుడు అబ్బలేదు. చెయ్యి ఒక దిక్కు, ఆలోచన ఒక దిక్కు ఉండేది. అందుకని సేట్ నన్ను బట్ట చూసే టేబుల్ దగ్గర నిలవెట్టిండు. నేసిన బట్ట ట్యూబ్‌లైటు కింద పరుచుకొని, యాడ పోగు తెగింది, యాడ నూనె మరక వడ్డది చూసి సుద్దముక్కతోని గీత గీసుడు. ఒకరి తప్పులు ఏరుడే నా కొలువు. నా తప్పులు ఏరెతందుకు ఇంకో టేబుల్ లేకుండె, అదే నన్ను చెడగొట్టింది.

ఆ పుస్తకం నిజాంపురా బస్తీల దొరికింది. పాత కాగితాలు తూకానికి కొనే ఒక చాచా దుకాణం ఉండేది. నేను మరాఠీ కథల పుస్తకాల కోసం పోయేది. ఒకనాడు ఇంగ్లీషు పేపర్ల కట్ట కింద లావు పుస్తకం కనవడ్డది. ముందల నలభై పేజీలు లేవు. ఎన్క ఎన్ని పోయినయో తెల్వది. అట్ట లేదు, పేరు లేదు, రాసినాయన ఎవరో లేదు. తడిసి ఆరి, పేజీలు అప్పడాల లెక్క అయినయ్. తెరిచి చూస్తే ఒక ఫోటోల నలుగురు గడ్డపోళ్లు బీరువా అంత మిషిను పక్కన నిలవడి నవ్వుతున్నరు. కింద ఇంటర్నెట్ అని రాసి ఉంది. ఆ మాట అప్పటికే పేపర్లల్ల వస్తుండె. చాచా పుస్తకాన్ని చేతుల ఎత్తి చూసి, "యే భారీ హై, ఇస్మే క్యా హై?" అన్నడు. ఏముందో నాకు గూడ తెల్వది. "చరిత్ర" అని చెప్పి తెచ్చుకున్న.

నేను పదో తరగతి దాంక మరాఠీ మీడియం. ఇంగ్లీషు మాటకు డిక్షనరీల మరాఠీ అర్థం చూసి, దాన్ని మనసుల తెలుగు చేసుకునేటోన్ని. అంటే అమెరికాల పుట్టిన సంగతి నా దగ్గరికి రెండు బండ్లు మారి వచ్చేది. మధ్యల ఏం పడిపోయినయో ఎవరికి తెలుసు? 'వెబ్' అన్న మాటకు డిక్షనరీల సాలెగూడు అని ఉంది, నేసిన బట్ట అని గూడ ఉంది. నేసిన బట్ట అన్నది చూసి ఆ దినమంత అన్నం తినబుద్ది కాలేదు, అంత సంబురం. 'సర్వర్' అంటే హోటల్ల చాయ్ తెచ్చేటోడే అనుకున్న. దునియ అంతట సర్వర్లు ఉంటరు, అడిగింది తెచ్చి ఇస్తరు అని బాపుకు చెప్పిన. "మరి కప్పులు ఎవరు కడుగుతరు?" అన్నడు బాపు. ఆ పేజీ ఇంకా రాలేదని చెప్పిన.

ఆరు నెలలు వట్టింది ఆ పుస్తకం అయిపోయెతందుకు. అది ఆఖరి పేజీలు లేని పుస్తకం గదా, అందుల ఇంటర్నెట్ అమెరికాల కొన్ని కాలేజీల మధ్యనే ఆగిపోయి ఉంది. బయట నిజంగ అది ఎంత దూరం వచ్చిందో నాకు తెల్వది. పేపర్ల ఏదన్న కొత్త సంగతి వస్తే, "ఇది నా పుస్తకంల లేదు, అబద్ధమై ఉంటది" అనుకునేది.

కంప్యూటర్ నేర్చుకుందామని ఒక్కసారి పోయిన. బస్టాండు దిక్కు కొత్తగ కంప్యూటర్ క్లాసు తెరిచిండ్రు. అద్దం తలుపు, లోపల ఏసీ. తలుపు బయట బూట్లు వరుసగ ఇడిచి ఉన్నయ్. లోపలికి దుమ్ము పోవద్దని అందరు సాక్స్‌ల మీద నడుస్తున్నరు. నా కాళ్లకు చెప్పులు. చెప్పులు ఇడిస్తే కింద కార్ఖానా నూనె, పత్తి నూగు వట్టిన పాదాలు. తెల్లటి బండల మీద నా అడుగులు ఎట్ల వడ్తయో కండ్ల ముందు కనవడ్డది. సాక్స్ కొనుక్కొని మళ్ల వద్దామని తిరిగొచ్చిన. సాక్స్ కొన్న గూడ. కని తిరిగి పోలేదు. క్లాసుల వీళ్లు బటన్లు నేర్పుతరు, నాకు చరిత్రనే తెలుసు, నాకేం అక్కర అని మనసుకు చెప్పుకున్న.

రెండో పుస్తకం గూడ చాచా దగ్గరనే దొరికింది. పలుచటిది. రెండువేల సాల్ వచ్చినంక కంప్యూటర్లకు ఏ సంవత్సరమో తెలియక అన్నీ ఆగిపోతయ్, విమానాలు, బ్యాంకులు, కరెంటు, అన్నీ అని అందుల ఉంది. నేను భయపడ్డ. భయంకన్నా ఎక్కువ ఖుషీ అయిన, ఎందుకంటే ఈ సంగతి గల్లీల నాకొక్కనికే తెలుసు. చాయ్ హోటల్ల చెప్పిన. నల్లా కాడ చెప్పిన. ఆఖరుకు సేట్‌కు గూడ చెప్పిన.

"సేట్, జనవరి ఒకటి నాడు సాంచెలు ఆగిపోతయ్."

సేట్ చాయ్ తాగుతుండె. సాసర్ దించకుండనే అన్నడు: "అరే, సాంచా కో సాల్ క్యా మాలూమ్? లైట్ హై తో చలేగా."

సాంచెకు సంవత్సరం సంగతి ఏం తెలుసు, కరెంటుంటే నడుస్తది అన్నడు. చదువుకోని మనిషి, ఏం చెప్తమని జాలిపడ్డ. మా సాంచెల్ల కంప్యూటర్ అన్నది లేదు, ఉన్నది మోటరు, పట్టా, కట్టె అన్న సంగతి నాకు ఒక్కసారి గూడ గుర్తుకు రాలేదు.

జనవరి ఒకటి పొద్దుగాల అందరం పనికి వచ్చినం. సాంచెలు ధడధడ నడుస్తున్నయ్. కొందరు నా దిక్కు చూసి నవ్వుతున్నరు. ఎనిమిదిన్నర అయిందో లేదో, కార్ఖానా మొత్తం ఒక్కసారి గమ్మున ఆగిపోయింది. అంత చప్పుడు ఆగితే చెవులల్ల గుయ్యిమంటది. ఆ గుయ్యిల అందరు మెల్లగ నా దిక్కు తిరిగిండ్రు.

లైటు పోయింది. మా దగ్గర లైటు పోవుడు కొత్త ముచ్చట గాదు. పక్క కార్ఖానాల గూడ ఆగింది, ట్యూబ్‌లైటు ఆరింది, ఫ్యాను ఆరింది. నేను "కరెంటు పోయింది" అని ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు. చేతుల సుద్దముక్క టేబుల్ మీద వెట్టి, తలకాయ మెల్లగ ఊపిన. చెప్పిన గదా అన్నట్టు.

రెండు గంటలకు లైటొచ్చింది. సాంచెలు మొదలైనయ్. అప్పటికే నార్పోలి అంతట నా ముచ్చట పోయింది. ఆ దినం నుంచి నన్ను "ఇంటర్నెట్" అని పిలుసుడు మొదలువెట్టిండ్రు. నేను పలికేది గూడ.

మాది వరుసగ ఒంటి గదుల ఖోలీలున్న చాల్, దాని పక్క చాల్ల ఒక అక్క ఉండేది. వాళ్లు గూడ మా దిక్కోళ్లే, క్రిస్టియన్లు. అక్క భర్త సాంచె నడిపేటోడు. అక్క మాత్రం ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల కంప్యూటర్ మీద పని చేసేది. మా తెలుగోళ్లల్ల రోజు కంప్యూటర్ ముట్టుకునే మనిషి నాకు తెలిసి ఆమె ఒక్కతే. ఆమె గొప్ప ఎవరికీ తెల్వది, ఎందుకంటే ఆమె చెప్పుకోలేదు.

ఒకనాడు అక్క మా ఖోలికి వచ్చింది, బాపు గూడ ఇంట్లనే ఉన్నడు.

"తమ్మీ, మన తెలుగు సంఘమోళ్లు పిల్లలకు కంప్యూటర్ గురించి చెప్పియ్యాలె అంటున్నరు. నువ్వు చెప్తవా?"

"నువ్వే చెప్పరాదు అక్కా?" అన్న, మర్యాదకు.

"నాకేమొస్తది? పొద్దున నుంచి పొద్దుమీకే దాంక కొడుతనే ఉంట కని, అది యాడ పుట్టిందో, ఎట్ల నడుస్తదో తెల్వది. నువ్వు అన్నీ చదివినవ్ గదా. నేను మా ఆఫీసుది పాత మిషిను అడిగి తెస్త. నువ్వు చెప్పి చూపియ్యి." ఒక్క నిమిషం ఆగి అడిగింది: "నువ్వు యాడ నేర్చుకున్నవ్ తమ్మీ?"

ఆమె నిజంగనే తెలుసుకుందామని అడిగింది.

"ఠాణా పట్నంల" అన్న.

"ఏ క్లాసుల?"

"క్లాసు గాదు. దోస్తు ఉన్నడు."

ఠాణాల నాకు దోస్తు లేడు. ఠాణాకు నేను బస్సుల పోయింది మూడుసార్లు, మూడుసార్లు అమ్మ కండ్ల డాక్టరు కోసం.

సాంచెలకు సెలవున్న దినం సంఘం హాలుల ప్రోగ్రాం వెట్టిండ్రు. యాభై మంది దాంక వచ్చిండ్రు. పిల్లలకంటే పెద్దోళ్లే ఎక్కువ. సాంచెలను ఆపిన పిలగాడు ఏం చెప్తడో విందామని వచ్చిండ్రు అనుకుంట. బాపు ఇస్త్రీ చేసిన తెల్లంగి ఏసుకొని రెండో వరుసల కూసున్నడు. అమ్మ ఆడోళ్ల దిక్కు కూసున్నది. ముందల టేబుల్ మీద అక్క తెచ్చిన కంప్యూటర్, మీద పూల దుప్పటి కప్పి ఉంది. పక్కన అక్క నిలవడ్డది.

నేను మాట్లాడుడు మొదలువెట్టిన. చెప్పకుండ ఉండలేను, మంచిగనే మాట్లాడిన. బీరువా అంత మిషిన్లు, గడ్డపోళ్లు, ఒక ఊరి మిషిను ఇంకో ఊరి మిషినుకు పంపిన మొదటి మాట సగంలనే ఆగిపోవుడు, అన్నీ చెప్పిన. పెద్దోళ్లకు అర్థం కావాలని మగ్గం సంగతి గూడ ఎత్తుకున్న. కంప్యూటర్‌కు తాత మన మగ్గమే, చాలా ఏండ్ల కింద ఒక దేశంల పువ్వుల బట్ట నేసెతందుకు అట్టముక్కలకు రంధ్రాలు కొట్టిండ్రు, ఏ పోగు లేవాలె ఏది లేవద్దు అన్నది ఆ రంధ్రమే చెప్తది, కంప్యూటర్ గూడ మొదాలు అట్లనే నడిచింది అని చెప్పిన. హాలు మొత్తం నిశ్శబ్దం. బాపు ముందుకు వంగి వింటున్నడు. ఆ నిశ్శబ్దం నాకు ఎక్కింది. ఇంకా వివరంగ చెప్దామని, "రంధ్రం ఉన్నకాడ పోగు కిందనే ఉంటది, రంధ్రం లేనికాడ లేస్తది" అన్న.

"గట్ల గాదు బిడ్డ."

ఎన్క నుంచి ఒక ముసలాయన లేచి నిలవడ్డడు. ఏండ్ల కొద్ది జకార్డ్ సాంచెల మీద పువ్వుల బట్ట నేసినాయన. "రంధ్రం ఉన్నకాడ సూది లోపలికి పోతది. గప్పుడు కొక్కెం లేస్తది, పోగును లేపుతది. రంధ్రం లేకుంటే సూది ఎన్కకు నూకవడ్తది, పోగు కిందనే ఉంటది. నువ్వు ఉల్టా జెప్తున్నవ్."

సాంచెల మధ్య పుట్టి పెరిగినోన్ని నేను. హాలుల సగం మందికి ఈ సంగతి తెలుసు. "పుస్తకంల అట్ల ఉంది" అన్న. పుస్తకంల అట్ల లేదు. ఇంటికి పోయినంక చూసుకున్న, ముసలాయన చెప్పినట్టే ఉంది.

సంఘం పెద్దమనిషి లేచి, "ఇగ చాలుజెయ్యి బిడ్డ, చూద్దాం" అన్నడు. దుప్పటి తీసిండ్రు.

టీవీ లెక్క ఉన్నదానికి కింద ఒక బటన్ కనవడ్డది. ధైర్యంగ ఒత్తిన. చిన్న లైటు పచ్చగ వెలిగింది, తర్వాత నారింజ రంగుకు మారింది. తెర నల్లగనే ఉంది. మళ్ల ఒత్తిన. లైటు ఆరింది. మళ్ల ఒత్తిన. వెలిగింది. తెర అట్లనే.

"ఇది జర వేడెక్కాలె" అన్న అందరి దిక్కు తిరిగి. వేడెక్కే దాంక ఇంకో పది నిమిషాలు చరిత్ర చెప్పిన. మొదటి మౌస్‌ను కట్టెతోని చేసిండ్రని గూడ చెప్పిన. అక్క నా దిక్కు చూస్తున్నది. ఆమె ముఖంల నవ్వు లేదు, కోపం లేదు. అర్థమైంది, అంతే. మెల్లగ టేబుల్ కాడికి వచ్చి, పడిపోయిన పెన్ను తీసుకుంటున్నట్టు కిందికి వంగింది. కింద ఉన్న డబ్బాకు బటన్ ఒత్తింది. కుయ్యిమని చప్పుడొచ్చి తెర వెలిగింది. అందరు చప్పట్లు కొట్టిండ్రు.

ఆడ ఆపితే అయిపోయేది. నేను కుర్చీల కూసొని మౌస్ వట్టుకున్న. ఎలుక అన్నరు గదా, తోక మన దిక్కే ఉంటదనుకున్న. వైరు నా కడుపు దిక్కు వెట్టుకొని జరిపితే, తెర మీద బాణం నేను ఎడమకు జరిపితే కుడికి పోతున్నది, పైకి జరిపితే కిందికి వస్తున్నది. దాన్ని వట్టుకునెతందుకు నేను టేబుల్ మీద పూర్తిగ వంగిన.

ముందు వరుసల స్కూల్ డ్రెస్సుల ఒక చిన్న పిల్ల కూసున్నది. గట్టిగ మరాఠీల అన్నది: "దాదా, మౌస్ ఉల్టా ధరలాయ్!"

మౌస్‌ను ఉల్టా వట్టినవ్ అని. ఆ పిల్లకు స్కూల్ల కంప్యూటర్ ఉన్నదట. హాలు మొత్తం నవ్వింది. ముసలాయన గూడ నవ్విండు. "మగ్గం గూడ ఉల్టానే జెప్పిండు" అని ఎవరో అన్నరు, నవ్వు ఇంకా పెరిగింది. తర్వాత అక్క కుర్చీల కూసొని పిల్లలను ఒక్కొక్కరిని పిలిచి వాళ్ల పేరు వాళ్లతోనే కొట్టిపిచ్చింది. నేను పక్కన నిలవడి దుప్పటి మడత పెట్టిన. మూడుసార్లు పెట్టిన, ఇంకేం పని లేక.

ముగ్గురం ఇంటికి నడిచి పోతున్నం.

"గంట సేపు మంచిగనే జెప్పినవ్" అన్నడు బాపు సగం తొవ్వల. "బటన్ కాడ గడబడ అయింది."

"ఊ."

"ఠాణా దోస్తు ఎవడు?"

"ఎవడు లేడు బాపు."

ఎన్క నడుస్తున్న అమ్మ అడిగింది: "అయితే గంత లావు బుక్కుల బటన్ యాడుంటదో రాయలేదా?"

ఆమె ఎక్కిరించెతందుకు అడగలేదు. నాకు అన్యాయం జరిగిందనుకొని, రాసినోని మీద కోపంతోని అడిగింది. నేను నిజంగనే ఆలోచించిన. రాయలేదు. రెండు పుస్తకాలల్ల యాడ గూడ రాయలేదు.

తర్వాత నెల దినాలు అక్కకు కనవడకుండ తిరిగిన. వాళ్ల చాల్ ముందల నుంచి పోకుండ, నాలా పక్క నుంచి చుట్టు తిరిగి పనికి పోయేది. ఇంటర్నెట్ అని పిలిస్తే పలుకుడు బంద్ చేసిన. "ఉల్టా" అని పిలుసుడు మొదలువెట్టిండ్రు, దానికి పలకకుండ ఉండుడు ఇంకా కష్టమైంది. ఆఖరుకు అక్కనే కార్ఖానా గేటు కాడికి వచ్చి నిలవడ్డది.

"శనివారం మా ఆఫీసు జల్ది ఖాళీ అయితది. రా."

"నాకు రాదు అక్కా. నేను అబద్ధం చెప్పిన."

"తెలుసు. హాలుల అందరికీ తెలుసు. రా."

పోయిన. సాక్స్ ఏసుకొని పోయిన. ఆ ఆఫీసుల ఎవరు బూట్లు ఇడవరు, అందరు పాన్ నములుకుంట తిరుగుతరు. మొదటి శనివారం ఆన్ చేసుడు, ఆఫ్ చేసుడు. రెండో శనివారం మౌస్. అక్క నా చెయ్యి మీద ఒక్కసారి గూడ కొట్టలేదు, నేను బాణాన్ని వట్టుకోలేక తిప్పలు పడుతుంటే కిటికీల నుంచి బయటికి చూసేది. బయట లారీలల్ల రంగు వెయ్యని గ్రే బట్ట తాన్లు ఎక్కిస్తుండేటోళ్లు. మూడో శనివారం ఆమెనే అడిగింది.

"తమ్మీ, నేను రోజు సూరత్‌కు మెయిల్ కొడుత. గది ఎట్ల పోతది? తీగెల నుంచి మొత్తం కాగితం పోతదా?"

నేను జర జర చెప్పిన. కాగితం లెక్క పోదు అక్కా, ముక్కలు ముక్కలుగ అయితది, ప్రతి ముక్క మీద సూరత్ అడ్రస్ ఉంటది, ఒక్కో ముక్క ఒక్కో తొవ్వ వట్టుకొని పోతది, ఆడ మళ్ల కలుస్తది. ఆమె పని ఆపి విన్నది.

"ఒక ముక్క తప్పిపోతే?"

"మళ్ల పంపమని అడుగుతది."

"మంచిగుంది" అన్నది. "మా లారీలు గిట్ల అడిగితే ఎంత బాగుండు."

నా చదువు ఒక మనిషికి పనికొచ్చుడు అదే మొదటిసారి. కుర్చీల నిటారుగ కూసున్న. ఆ నిటారుల మోచెయ్యి తగిలి ఆమె చాయ్ కప్పు పడ్డది.

వానకాలం మొదలైనంక భివండిలో సైబర్ కేఫ్‌లు లేచినయ్. అక్కకు గూడ సొంత మెయిల్ లేదు, ఉన్నది ఆఫీసుదే. ఒక ఆదివారం చర్చి అయినంక ఆమె, ఆమె భర్త, నేను కలిసి ఒక కేఫ్‌కు పోయినం. ప్లైవుడ్ చెక్కలతోని డబ్బాలు డబ్బాలు చేసిండ్రు. బావ బయట బండి మీద కూసున్నడు. నేను ఒక డబ్బాల, అక్క పక్క డబ్బాల. నా పేరుతోని ఖాతా తెరిచిన, అక్క తన పేరుతోని తెరిచింది. గంటకు పైసలు కడితే సగం అండ్లనే పోయింది. తర్వాత 'కొత్త ఉత్తరం' అన్న కాడ ఒత్తిన, చేతులు గాలిల ఆగినయ్. ఎవరికి రాయాలె? మెయిల్ ఎవరు కనిపెట్టిండ్రు, మొదాలు ఎవరు ఎవరికి పంపిండ్రు, మధ్యల ఆ @ గుర్తు ఎందుకు వెట్టిండ్రు, అన్నీ తెలుసు నాకు. అడ్రస్ ఉన్న మనిషి ఒక్కరు తెల్వరు.

"అక్కా, నీది చెప్పు" అన్న చెక్క మీద కొట్టి.

చెక్క అవతలి నుంచి ఒక్కొక్క అక్షరం చెప్పింది, నాది గూడ అడిగింది. మొదాలు ఆమెనే పంపింది. నా తెర మీద ఇంగ్లీషు అక్షరాలల్ల తెలుగు వచ్చింది. "తమ్మీ తిన్నవా?"

మూడు మాటలు గూడ లేవు. సూరత్ అడ్రస్ లేదు, అమెరికా లేదు, జానెడు దూరం నుంచి వచ్చింది, కని నా పేరు మీద వచ్చింది. దీనికి మామూలుగ జవాబు ఇస్తే ఎట్ల అనుకున్న. రాయబట్టిన. ఈ మాట చెక్క అవతలి నుంచి ఇవతలికి వచ్చెతందుకు ఏ ఏ దేశాలు తిరిగొచ్చి ఉంటదో రాసిన. హాలు నాటి అబద్ధానికి మాఫీ అడిగిన. ముసలాయన చెప్పిన సూది, కొక్కెం సంగతి గూడ రాసిన, ఈసారి సక్కగ. రెండు వేళ్లతోని కొడుతున్న, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంట. కేఫ్ ఆయన "టైమ్ హోగయా" అని పిలిచిండు. ఒక్క నిమిషం అన్న. ఆఖరి వాక్యం రాస్తున్న. ఆయన ఆడి నుంచే బంద్ చేసిండు, తెర ఒక్కసారి నీలంగ అయి, మళ్ల మొదాలున్న బొమ్మ వచ్చింది. నా ఉత్తరం లేదు.

చెక్క పైనుంచి అక్క తలకాయ పెట్టి చూసింది. "ఏమైంది? ఇంకా రాలేదు."

"పోయింది అక్కా. మొత్తం పోయింది."

"ఏం రాసినవ్ గంత సేపు?"

చెప్పిన. ఆమె విన్నది, నవ్వు ఆపుకుందామని చూసింది, ఆపుకోలేకపోయింది.

"పిచ్చోడా, తిన్న అని రాస్తే అయిపోయేది గదా."

"తినలేదు అక్కా" అన్న. నిజంగనే తినలేదు, కేఫ్‌కు పోతున్ననన్న సంబురంల పొద్దుగాల నుంచి ఏం తినలేదు. బయట వాన మొదలైంది. బావ బండి ఇడిచి వడాపావ్ దుకాణం రేకు కింద నిలవడ్డడు. మేము ఉరికినం. అక్క నా జవాబు సంగతి బావకు చెప్తుంటే నేను రెండు తిన్న, మూడోది గూడ అడిగిన.